నా కొట్లో కొలత, పార్సిల్లో చెప్పులు

ఆయన పోయాక కొత్తపేటలో మా చెప్పుల కొట్టు నేనే చూసుకుంటున్నాను. నాకు అదే కూడు. మా వీధి టీచరుగారు ఓ రోజు ఒక జత తొడుక్కుని, అటూ ఇటూ నడిచి, ఫోనులో వాటి ఫోటో తీసుకుని, "మళ్ళీ వస్తానండి పిన్నిగారూ" అని వెళ్ళారు.

ఆ వారంలోనే పార్సిలు అబ్బాయి వచ్చాడు. "టీచరుగారింటికి తాళం వేసుందండి. మీకిచ్చేయమన్నారు." అందులో ఏముందో నాకేం తెలుసు? తీసుకున్నాను.

సాయంత్రం ఆవిడొచ్చి నా ముందే విప్పారు. అచ్చం అవే చెప్పులు, ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నారు. కాలు పట్టలేదు.

"అదేంటండీ! ఇక్కడ తొడుక్కుంటే సరిపోయాయి కదా!" అనేసి, నాలిక కరుచుకున్నారు.

"ఆయ్, ఇక్కడివి సరిపోయాయమ్మా" అన్నాను. ఆవిడ పెట్టె మూసుకుని, తలెత్తకుండా వెళ్ళిపోయారు.

తొడుక్కుని చూడొద్దని ఎవరికి చెప్పను? చూడకుండా చెప్పులెవరు కొంటారు? కానీ ఇప్పుడు మనిషి కొట్లోకి రాగానే నా చూపు కాళ్ళ మీదికి పోవడం లేదు, చేతిలో ఫోను మీదికి పోతోంది. అలా చూడడం నాకే నచ్చడం లేదు.