మా బండిదారి ప్రశ్న

నాకు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం పుట్టుకతోనే లేదు. నూలు కొట్లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో మా యజమాని, “నీకు స్టూలు దండగప్పా, రెండు జతల చెప్పులు కొనిస్తే చాలు” అనేవాడు. అలాంటి నేను శ్రీవిల్లిపుత్తూరు వకీళ్ల సంఘం గదిలో, మద్రాసు శాసనసభలో ఎవరెవరు ఏమేం మాట్లాడారో అచ్చువేసిన పుస్తకాల కోసం నెలల తరబడి పడిగాపులు పడ్డానంటే, అది మా అన్న మామిడితోపు కోసం.

తోపు రాజపాళయానికి పడమట, సేత్తూరు వైపు కొండ పాదాన ఉండేది. మా నాయన పోయాక నన్ను పెంచింది అన్నే. నన్నెంత శ్రద్ధగా పెంచాడో ఆ చెట్లనూ అంత శ్రద్ధగా పెంచాడు. ఇద్దరిలో చెట్లే నయం, ఏడాదికొకసారైనా కాస్తాయి అని వదిన నన్ను ఆటపట్టించేది. తోపు చేరాలంటే ఒక ఫర్లాంగు దూరం అడవిశాఖ భూమిలోంచి పోవాలి. మా తాత నాటి నుంచి బండ్లు నడిచిన దారి అది. ఒక ఏడు ఫారెస్టువాళ్లు వచ్చి దానికి అడ్డంగా కందకం తవ్వి, రెండు రాళ్లు పాతి పోయారు. మనిషి దాటగలడు, బండి దాటలేదు.

ఆ ఏడు కాపంతా గంపలకెత్తి ఆడవాళ్ల తలల మీద రోడ్డుకు మోయించాం. రోడ్డు చేరేసరికి అడుగు కాయలన్నీ నలిగి రసం కారేవి. అన్న గంపల పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్క కాయనూ తిప్పి చూసి పక్కన పెట్టేవాడు. ఇంకా రెండు కాపులు ఇలాగే పోతే తోపు చేయి దాటిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

అర్జీని మావాళ్లు అరవంలో లాగా మను అంటారు. రేంజరుకు మను, కలెక్టరుకు మను, ఆ మనుకు ఏమైందని ఇంకో మను. అన్నీ నేనే రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

మా అమ్మకు దూరపు తమ్ముడు ఒకాయన అప్పట్లో పక్క తాలూకా నుంచి శాసనసభకు గెలిచి ఉన్నాడు. మాకు మామ వరస. అరవ నెలల లెక్కన ఐపసి, ఆ వానల్లో ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు అన్న సంగతంతా చెప్పాడు. మామ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.

“సభలో ప్రశ్న వేస్తాను అబ్బీ. మంత్రి జవాబు చెప్పే తీరవలె. చెప్పింది చెప్పినట్లు అచ్చు అవుతుంది. అప్పురం, అచ్చయినాక, వాళ్లు కాదనేదానికి లేదు” అన్నాడు.

అచ్చు అవుతుంది అన్న మాట అన్నకు ఎంత ఎక్కిందో తెలియదు గానీ నాకు మాత్రం పిచ్చిగా ఎక్కింది. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో అరవం చదువుకుంటాం. ఈ తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నవి. అచ్చయిన మాట ఏ భాషలో ఉన్నా దానికి నేను దణ్ణం పెట్టేవాణ్ణి. మంత్రి మాట అచ్చులో చూపిస్తే రేంజరు తానే వచ్చి రాళ్లు పీకుతాడని నమ్మాను.

మాసి నెలలో, అన్న పట్టుచీరెలకని మద్రాసు పోయి వచ్చాక, నా పెళ్లయింది. పంగుణిలో మామ దగ్గర నుంచి కార్డు వచ్చింది. ప్రశ్నకు జవాబు ఇచ్చేశారనీ, పుస్తకం వచ్చాక చూసుకోమనీ రెండు వాక్యాలు. ఏం జవాబో రాయలేదు. ఇంక నాకు తిండి సహించలేదు. మా ఊరి రీడింగ్ రూములో పాత పత్రికల కట్టలన్నీ విప్పాను. సభలో పెద్దపెద్దవాళ్లు మాట్లాడినవి ఉన్నాయి, మా బండిదారి ఎక్కడా లేదు. సర్కారు అచ్చువేసే అసలు పుస్తకం శ్రీవిల్లిపుత్తూరులో వకీళ్లకు వస్తుందని ఎవరో చెప్పారు. ప్రతి ఆదివారం బస్సెక్కాను. కొత్తగా పెళ్లయినవాడు ఆదివారం ఇంట్లో ఉండకుండా ఎక్కడికి పోతున్నాడని వీధిలో గుసగుసలు కూడా పుట్టాయి.

ఆ గది చూసుకునే ముసలాయన నన్ను గుమ్మంలో చూడగానే, “ఇన్నుం వరలే” అనేవాడు. ఇంకా రాలేదు అని. నేను పోయేవాణ్ణి కాదు. అంతకు ముందు సంపుటాలు తీసి తిరగేసేవాణ్ణి. పుస్తకంలో వెతకడం అలా నేర్చుకున్నాను. చివర రెండు పట్టికలు ఉండేవి, ఒకటి సభ్యుల పేర్లతో, ఒకటి సంగతులతో. ఈలోగా చిత్తిరై, వైగాసి నెలల కాపు మళ్లీ గంపల్లోనే నలిగింది. అన్న నన్ను చూసి, “అచ్చు ఎక్కడికి పోతుంది రా, వదిలేయి. ఒకనాడైనా ఇంట్లో ఉండు” అన్నాడు. నేను వినలేదు. వినే రకం కాదు.

ఆడి నెలలో పుస్తకం వచ్చింది. కొత్త పుస్తకం, పేజీల అంచు మడతలు కూడా ఎవరూ కోయలేదు. ముసలాయన పెన్సిలు చెక్కే కత్తి ఇస్తే నేనే కోశాను. సంగతుల పట్టికలో రాజపాళయం కింద చూశాను, లేదు. అడవుల కింద లేదు. దారుల కింద లేదు. చివరికి మా జిల్లా పేరు కింద, ‘మూసివేసినట్లు చెప్పబడుతున్న బండిదారి’ అని దొరికింది. చెప్పబడుతున్న ఏమిటి, కందకంలో దిగి చూడండి అని ఆ పుస్తకంతోనే పోట్లాడాను. ముసలాయన కళ్లజోడు పైనుంచి చూశాడు.

ఆ పేజీ తిప్పాను. మా ప్రశ్నకు పైన ఎక్కడిదో వాగు మీద వంతెన గురించి ప్రశ్న ఉంది. అడిగిన సభ్యుడు మంత్రిని వదిలిపెట్టలేదు. ఆ వంతెనను చూసిన ఆఫీసరు ఎవరు, ఎండల్లో చూశాడా వానల్లో చూశాడా, బండి మీద దాటాడా ఒడ్డున నిలబడి చూశాడా అని ఒకదాని మీద ఒకటి గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి మంత్రి మళ్లీ విచారణ చేయిస్తానని ఒప్పుకున్నాడు. చదువుతుంటే నాకు ఒళ్లు పొంగింది. తర్వాతది మాదే.

మాకు వచ్చిన జవాబు నాలుగు వరసలు. మూసిన దారి అడవిశాఖది, రైతులకు వాగు పక్కన వేరే దారి ఉంది, కనుక ఏమీ చేయనక్కరలేదు. వాగు పక్క దారి అంటే ఏనుగంత గుండ్లు, మేకలు పోయే చోటు. ఆఫీసరు దాన్ని చూశాడా అని ఒక్క మాట అడిగితే చాలు, జవాబు కూలిపోయేది. అడగలేదు. ఎందుకు అడగలేదో కింద సన్నటి అక్షరాల్లో ఉంది. ప్రశ్న వేసిన సభ్యుడు ఆ రోజు సభలో లేనందున జవాబును పైకి చదవకుండా సభ బల్ల మీద ఉంచేశారట, అలా ఉంచినదాని మీద ఎదురు ప్రశ్న ఉండదు. దాని కింద వెంటనే ఏదో ఆస్పత్రి గురించిన ప్రశ్న మొదలైంది.

పేజీ అంతా, తేదీతో సహా, కాపీ చేసుకున్నాను. గది దిగి, ఎదురుగా కనిపించిన అరుగు మీద కూర్చుని మామకు ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో తిడితే బరువుగా ఉంటుందని ఇంగ్లీషులోనే రాశాను. మా అన్న కడుపుకొట్టి ఆ రోజు మీరు ఎక్కడ విందు తింటున్నారు అని కూడా రాశాను. పెట్టెలో వేశాక గానీ ఊపిరి ఆడలేదు.

ఇంటికి వచ్చేసరికి అన్న తోపు నుంచి రాలేదు. నా భార్యకు చదివి వినిపించాను, తెలుగులోకి మార్చి, తేదీ దగ్గర నుంచి. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టి, “తేదీ మళ్లీ చెప్పండి” అంది. చెప్పాను.

“ఆ పొద్దు మన పెండ్లి గదా” అంది. “పెండ్లి పత్రికలో ఇంగ్లీషు తేదీ కూడా వేసినారు. మామ పందిట్లోనే ఉండినారు. మనకు అక్షింతలు వేసినారు.”

నాకు నా పెళ్లి మాసి నెల, ఫలానా నక్షత్రం. ఇంగ్లీషు తేదీ నూలు కొట్టుకే తప్ప ఇంటికి ఎప్పుడూ పనికిరాలేదు. పెట్టె తీసి పత్రిక చూశాను. నిజమే. మర్నాడు తెల్లవారగానే శ్రీవిల్లిపుత్తూరు తపాలాఫీసుకు పరుగెత్తాను. సంచి అప్పటికే పోయింది.

అన్నకు జవాబు చదివాను, మామ సభలో లేడన్న మాటా చదివాను, తేదీ మాత్రం మింగేశాను. అన్న విని, “సరి, విడు. ఆయనకు ఏమి పని ఉండిందో” అన్నాడు. అంతే. నేను కాలుకాలిన పిల్లిలా తిరిగాను. నా భార్య ముఖం చూస్తే గంపల్లో నలిగిన కాయలు కనిపించేవి. ఆమె తప్పు ఇసుమంతైనా లేదు, అయినా చాలా రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేకపోయాను. మామ నా ఉత్తరానికి జవాబు రాయలేదు. తర్వాత ఇంటికి వచ్చినప్పుడు ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించాడు. నేను పెరట్లోకి తప్పుకున్నాను.

రేంజరు దగ్గరికి పోతే, వేరే దారి ఉందని శాసనసభలోనే చెప్పేశారు కదా అని అదే పేజీని మా ముఖాన కొట్టాడు. అప్పటిదాకా మాకు కందకమే అడ్డం, ఇప్పుడు అచ్చు కూడా అడ్డం. ఒకసారి జవాబు చెప్పిన ప్రశ్నను మామను మళ్లీ అడగనివ్వలేదట. ఇంకో రకంగా వేస్తానని ఆయన అంటుండగానే యుద్ధం వచ్చింది, మంత్రులు రాజీనామా చేశారు, సభ కూర్చోవడమే మానేసింది. యుద్ధం మధ్యలో అన్న తోపు అమ్మేశాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి బయటికి వచ్చాక ఇద్దరం ఎదురుగా ఉన్న కాఫీ హోటలు బెంచీ మీద కూర్చున్నాం. అన్న చేతులు తొడల మీద పెట్టుకుని రోడ్డు చూస్తున్నాడు. నాకు ఇంక పట్టలేదు. ఆ తేదీ సంగతి చెప్పేశాను. నా పెళ్లి వల్లనే నీ తోపు పోయిందన్నా అన్నాను.

“నాకు తెలియకనా?” అన్నాడు. “పెండ్లికి ముందర నేను మద్రాసు పోయింది పట్టుచీరెలకు అనుకున్నావా? మామ రానని తంతి ఇచ్చినాడు, ఆ పొద్దే మన ప్రశ్న వస్తుందని. నేను పోయి పిలుచుకుని వచ్చినాను. నాయన లేని పెండ్లి, మామ కూడా లేకపోతే ఎట్లా?”

“ప్రశ్న పోతుందని ఆయన చెప్పలేదా?”

“చెప్పినాడు. నేనే నమ్మలేదు. మన చావడిలో ఒకని వ్యవహారం ఉంటే, వాడు పెండ్లికో చావుకో పోయి ఉంటే, వచ్చేదాకా ఆ మాట ఎత్తరు గదా. అక్కడ కూర్చుండేదీ పెద్దమనుషులే గదా, ఆపి పెడతారు అనుకున్నాను.”

నేను రాసిన ఉత్తరం సంగతి అడిగాను.

“నాకు తెచ్చి చూపించినాడు. నాకు ఇంగ్లీషు ఎక్కడ వస్తుంది? ఒక్కొక్క మాటా ఆయనే తెలుగులో చెప్పినాడు. పిల్లవాడు తప్పు లేకుండా రాసినాడు అన్నాడు. ఆ పొద్దు ఎక్కడ ఉండినాడో నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను.”

“ఎందుకన్నా?”

“చెప్తే ఆ పిల్లను చూసినప్పుడంతా నీకు తోపు గుర్తొస్తుంది. నీ సంగతి నాకు తెలియదా” అన్నాడు.

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆ బెంచీ మీదే, వచ్చేపోయేవాళ్లందరూ చూస్తుండగా ఏడ్చాను.