చిట్సులో అమ్మ దిద్దిన బరువులు

దెడ్జా పట్నం దగ్గర మా పల్లెల్లో పసిపిల్లల్ని నెలనెలా తూచే పని ఇరవై రెండేళ్లుగా చిట్సులో అనే ఆరోగ్య కార్యకర్తది; అందరం ఆమెను అమ్మ అంటాం. వేరే పల్లెల్లో తూచేవాళ్లు ఆఫీసు ఇచ్చిన సంచిలో తూస్తారు. తల్లి నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డలో అయితే బిడ్డ ఏడవదని, ఆమె అందులోనే మూటగట్టి మామిడికొమ్మకున్న కాటాకు వేలాడదీస్తుంది. తర్వాత గుడ్డను విడిగా తూచి, ఆ బరువు తీసేసి, ఫోన్‌లో ముందు ఎక్కించిన అంకె దిద్దుతుంది. చాదస్తమని నవ్వేవాళ్లం.

ఆ ఫోన్ ప్రోగ్రాం రాసింది నేనే. నా పేరు లుసుంగు.

మార్చిలో, చిట్సులో అమ్మ తూచే తడాలా అనే పిల్ల ఎండు పుల్లలా ఆసుపత్రికి చేరింది. ఫోన్‌లో మాత్రం బరువు బాగానే ఉంది. మంగళవారం మీటింగులో పందొమ్మిది మంది ముందు లేచి నిలబడ్డాను.

"మంచిపేరు కోసం ఎక్కువ చేసి రాస్తున్నావా అమ్మా?"

"నేను దిద్దాను బాబూ."

"దిద్దితే ఏదీ? ఫోన్ అబద్ధమాడుతుందా?"

అక్కడికక్కడే ఆఫీసువాళ్లు ఆమె ఫోన్ లాగేసుకున్నారు.

దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి తెరిస్తే, ఫోన్ కవరులో ఆమె రాసుకున్న చీటీ దొరికింది. ఒక్కో బిడ్డకు రెండేసి అంకెలు: గుడ్డతో ఒకటి, గుడ్డ బరువు తీసేసి ఒకటి. ఆమె చేసినట్టే చేసి చూశాను. తెరమీద దిద్దిన అంకె కనిపించింది. లోపల దాచింది మాత్రం గుడ్డతో కలిపిన పాతదే. ప్రోగ్రాంలో దిద్దే పని చేసే ముక్క, అంటే ఫంక్షన్‌లో, 'బరువు' అనే పేరుతోనే మళ్లీ కొత్త వేరియబుల్, అంటే అంకె దాచే గడి, పెట్టాను. దిద్దిన అంకె అందులోకి వెళ్లి, ఫంక్షన్ ముగియగానే దాంతోపాటే పోయేది. పని నేర్చుకునే మొదటి వారంలో చేసే తప్పు! సిగ్గుతో చచ్చిపోయాను. శ్రద్ధగా దిద్దే మనిషి ఆమె ఒక్కతే కాబట్టి దెబ్బ ఆమెకే తగిలింది.

మర్నాడు ఆమె దగ్గరికి వెళ్లాను. చేతిలో ఫోన్ లేకపోయినా, పెన్సిలుతో రాసుకుంటూ తూస్తూనే ఉంది. అదే మామిడిచెట్టు కింద పక్కకు పిలిచి, మోకాళ్లమీద కూర్చుని, క్షమించమని అడిగే మా పద్ధతిలో రెండు చేతులూ మెల్లగా చరిచి, జరిగిందంతా చెప్పాను.

"తడాలా ఎలా ఉంది?" అంది ముందు.

"బతికి బట్టకట్టిందమ్మా. తప్పు నాదే."

గుడ్డ మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

"నేను దిద్దింది ఆ లోపలే ఉండిపోయిందన్నావు కదా. ఇప్పుడు నువ్వు దిద్దుకునేది కూడా ఈ చెట్టుకిందే ఉండిపోవాలా?"

"మంగళవారం మీటింగులో చెబుతానమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"అక్కడ కాస్త గట్టిగా చెప్పు," అంది.