అంకమ్మ చీర కోసం తిరుత్తణి దాకా

మా నేతవాళ్ల ఇళ్లలో పెళ్లికి ముందు పెద్దలకు బట్టలు పెడతాం. దాయాదుల్లో పెద్దవాడు పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తాడు. మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీర పరుస్తారు. మా ముత్తాతకు పంచె ఉంటుంది, ఆయన పెద్దభార్యకు చీర ఉంటుంది. రెండో భార్య అంకమ్మ మా తాతను కన్న తల్లి. ఆమె పేరు మాత్రం ఎవరూ పిలవరు. నూలు చుట్టడానికి వచ్చి ఇంట్లో ఉండిపోయిన మనిషేగానీ పెళ్లాడిన భార్య కాదని పెద్దభార్య వైపువాళ్ల వాదన. చీరలు నేసి బతికిన ఇంట్లో ఆమెకొక్క చీర దక్కలేదు.

వచ్చే నెల మా మనవరాలి పెళ్లి. ఎనభై దాటిన మా అక్క రాజమ్మ, తాను కన్నుమూసేలోగా ఆ పేరు వినాలని పట్టుబట్టింది. పేర్లు పిలవాల్సింది పెద్దభార్య మునిమనవడు చెంగల్రాయుడన్న. "కాయితం చూపించు, పిలస్తాను" అన్నాడాయన. ముత్తాత తెల్లదొరల కాలంలో వీలునామా రాసి రిజిస్టరు చేయించాడని మా నాన్న చెప్పేవాడు. అదెక్కడుందో చూద్దామని బయలుదేరాను. నేను దొంగ కాగితం తెస్తానేమోనని అన్న కూడా వెంట వచ్చాడు.

పట్టాభిరామ్‌లో ఏడింటి బండి ఎక్కాను. అన్న ముందే ఆవడిలో ఎక్కి నాకు కిటికీ పక్కన చోటు పట్టి ఉంచాడు. ఎదురుగా కూర్చున్న ఒకామె, పెద్దవాళ్లు ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగింది.

"మా తమ్ముడు వాళ్ల ముత్తవ్వకి పెండ్లి చేయను పోతా ఉండాడమ్మా" అన్నాడు అన్న. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. నేను పేపరు చదువుకున్నాను.

తిరువళ్లూరులో స్టేషను దగ్గర పొంగలు తిని, పది గంటలకు రిజిస్ట్రారు ఆఫీసుకు చేరాం. అక్కడి అధికారి నా దరఖాస్తు చదివి, మీ ఊరు తిరుత్తణి పక్కది కదా, అప్పట్లో అది ఈ జిల్లాలో లేదు, ఆ పుస్తకాలు తిరుత్తణిలోనే ఉంటాయి అన్నాడు. మా ఊరు చిత్తూరు జిల్లాలో ఉన్న రోజులు నేను చిన్నప్పుడు చూసినవే. ఎందుకో ఆ సంగతి తట్టలేదు.

"ఇన్నేండ్లు ఆఫీసులో పనిజేసినావు, ఇది తెల్దా? ఇంటికి పోదాం రా, సుమ్మా ఊరికే తిరగడమెందుకు" అన్నాడు అన్న. నేను బస్టాండు వైపు నడిచాను. ఆయనా వచ్చాడు.

బస్సులో ఇద్దరం కునికిపాట్లు పడ్డాం. తిరుత్తణి కొండ కనిపించేసరికి మధ్యాహ్నమైంది. ఇలాంటి పని మీద వచ్చేవారికి ఒక మాట: ఊరి పాత జిల్లా, తాలూకా ముందే తెలుసుకోండి. ఒక భూతద్దం వెంట ఉంచుకోండి. గుమాస్తాలు భోజనానికి లేవకముందే రుసుము కట్టేయండి. మేం ఆలస్యంగా చేరినందువల్ల సాపాటు ముగించుకొచ్చి వరండాలో మూడు దాకా కూర్చోవలసి వచ్చింది.

పుస్తకం వచ్చింది. అంతా గొలుసుకట్టు తెలుగు. దీన్ని చదివేవాళ్లు ఈమధ్య రావడం లేదని గుమాస్తా తమిళంలో అన్నాడు. ఒక్కో ఏడూ తిరగేస్తూ పోతే ఐదో ఏటి పుటల్లో ముత్తాత పేరు దొరికింది. ఇంట్లో నేలలో తవ్విన మగ్గం గుంటలు నాలుగు. పడమటి రెండు గుంటలు పెద్దకొడుక్కి. తూర్పు రెండు "నేను అగ్నిసాక్షిగా పెండ్లాడిన రెండవ భార్య, తిరువాలంగాడు నాగప్ప కుమార్తె అంకమ్మకు." పైకి చదివాను. మళ్లీ చదివాను.

"నువ్వు చదివితే నేను నమ్మాల్నా? నాకు అరవం తప్ప చదవడం రాదు" అన్నాడు అన్న.

పుస్తకం ఆయన వైపు తిప్పాను. అన్నకు తెలుగులో తన పేరు ఒక్కటే వచ్చు. బ్యాంకులో ఇప్పటికీ అదే సంతకం. భూతద్దం తీసుకుని పంక్తి పంక్తీ కిందికి దిగాడు. చివర, "పై ఏర్పాటుకు సమ్మతించిన పెద్దకొడుకు" అన్న మాటల పక్కనున్న పేరు దగ్గర వేలు ఆగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. చెం-గ-ల్రా-యు-డు. తాత పేరే ఆయనకు పెట్టారు.

వేలు అక్కడే ఉంచి ఇంకోసారి కూడబలుక్కున్నాడు.

"మా తాత సరేనన్నాక కాదనేదానికి నేనెవుర్ని" అన్నాడు చివరికి. గుమాస్తాకు ఏమీ అర్థం కాకపోయినా మా ఇద్దరికీ మంచినీళ్లు తెప్పించాడు. నకలుకు దరఖాస్తు పెట్టాం.

సాయంకాలం బండి నిండా గుండ్లకు గంధం పూసుకున్న మొక్కుబడివాళ్లు. అన్న నా ఫోను తీసుకుని తానే అక్కతో మాట్లాడాడు.

"రాజక్కా, ఆమెకి ఏ రంగు చీర పెట్టాల?"

అక్క, "నాకెట్ల తెలస్తాదిరా, ఆమె గురించి ఎవురూ చెప్పలేదే. ఎర్రది పెట్టు. పెండ్లాం గదా" అన్నదట. ఆ మాట నాకు చెప్పి అన్న కళ్లజోడు తుడుచుకున్నాడు.

తిరువాలంగాడులో బండి ఆగినప్పుడు ఇద్దరం కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూశాం. ఎన్నో యాత్రలు చేశాను, ప్రతిదీ డైరీలో రాసుకున్నాను. ఇంత దగ్గరి ప్రయాణం, ఇంత పెద్ద గెలుపు మరొకటి లేదు.

పట్టాభిరామ్‌లో దిగాను. అన్న కిటికీ దగ్గరికి జరిగి, అంకమ్మ నాయన పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. పిలిచేటప్పుడు తప్పు పోగూడదన్నాడు. చెప్పాను. బండి కదిలింది.

"తిరువాలంగాడు నాగప్ప కూతురు అంకమ్మ" అని ఆయన అనుకుంటూనే ఉన్నాడు.