అవ్వ లేదని చెప్పిన మధ్యాహ్నం

పోయిన ఆదివారం సుబేదారిలో మా కోడలు వాళ్ల చర్చి ఆడవాళ్లు ఒక లావుపాటి నవల తెచ్చి నా చేతిలో పెట్టి, మీరు టీచరుగా చేసినవారు కదా పెద్దమ్మా, వచ్చేవారం దీని గురించి నాలుగు మాటలు చెప్పండి అన్నారు. పాతకాలపు కథట. ఒక బానిస పిల్ల, ఆమె మీద మనసుపడిన ఒక యువకుడు, ఇద్దరినీ ఒకచోటికి చేర్చిన విశ్వాసం. సరేనని ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను గానీ, ఆ పిల్ల యజమాని ఇంటి గడప దాటే పేజీ వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి. పుస్తకం మూసేశాను. కోడలు బీపీ అనుకుని మిషను తెచ్చి జబ్బకు పట్టీ చుట్టింది. బీపీ కాదమ్మా, భయం అంటే నవ్వుతుందని ఊరుకున్నాను.

నా ఈడు వాళ్లు నవ్వరు. వారపత్రికల్లో సీరియళ్ల కోసం మనం ఎట్లా కాచుక్కూర్చునేవాళ్లమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడు నాకు పదహారేళ్లు, ఓరుగల్లు మట్టెవాడలో ఒక సందులో అద్దెకుండేవాళ్లం. మా ఎదురుగా కిరాణా కొట్టు. కొట్టాయన భార్యను నేను అత్తమ్మ అనేదాన్ని. పత్రిక ముందు ఆమె చదివి, తర్వాత ఆమె ఆడబిడ్డ చదివి, నాలుగో రోజుకు పసుపు మరకలతో మా ఇంటికి చేరేది. వాళ్లింట్లో శుక్రవారం పూజలు, మా ఇంట్లో ఆదివారం ప్రార్థనలు. ఆ సీరియల్ దగ్గర మాత్రం రెండిళ్లకూ తేడా లేకపోయేది.

ఏదో రేవుపట్నంలో జరిగే కథ అది. షావుకారు ఇంట్లో కొనుక్కొచ్చిన పిల్ల ఒకతె, పడవ నడుపుకుంటూ కొత్తగా మతం పుచ్చుకున్న యువకుడు ఒకడు. పెళ్లాడతానని అతనంటాడు, ఊ అనడానికి ఆ పిల్లకు తన నోరు తనది కాదు. మా నాన్నను కన్న అవ్వకు చదువు రాదు కనుక మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను పైకి చదివేదాన్ని. పట్టపగలే తలుపుకు గడియ పెట్టించి, గోడకు వీపు ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. వీధి అరుగు మీద అవ్వ కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. ముసలాళ్ల చాదస్తం అనుకునేదాన్ని, నా తెలివి అంతే మరి.

బానిస పిల్ల పడవెక్కి పారిపోయిన వారం నేను సంబరంగా చదువుతున్నాను. అవ్వకు మాత్రం ఒళ్లంతా చెమట. చదవడం అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మెల్లగా, "ఎనుక ఉన్నోళ్లను ఏం జేసిన్రు బిడ్డా?" అని అడిగింది. వెనకవాళ్లెవరు అవ్వా, కథంతా ఈ ఇద్దరిదే కదా అన్నాను. "రాసినాయనకు ఆ ముచ్చట ఎర్కలేదా?" అని, ఆ వారం అదే మాట రెండు మూడుసార్లు అడిగింది.

నేను వదిలిపెట్టే రకం కాదు. గుచ్చి గుచ్చి అడిగితే, వారం రోజులు నానబెట్టి, మా అమ్మ నీళ్లకు పోయినప్పుడు చెప్పింది. అవ్వ మరిపెడ దిక్కు ఒక దొర గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, ఆడబాప అట. దొరసాని పెండ్లయి అత్తగారింటికి వస్తుంటే చీరెసారెలతో పాటు పంపిన పిల్ల. ఎనిమిదేళ్లకు వచ్చింది, పద్దెనిమిదేళ్ల దాకా ఉంది. ఆ పదేళ్లలో ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, చెప్పని చోటల్లా కొంగు నోటికి పోయింది. అప్పటి పేరు నీలి. మా తాత ఎడ్లబండి మీద సువార్త పుస్తకాలు వేసుకుని ఊరూరా పాటలు పాడుతూ తిరిగేవాడు. అవ్వ గడీ దొడ్డిబాయి దగ్గర నీళ్లు చేదుతూ గోడవతల పాట వినేది. మూడేళ్లు అట్లా విన్నది. నాలుగో ఏడు తాత గోడ పక్కన నిలబడి ఒక్కటే మాట అడిగాడట, వస్తావా అని. అవ్వ ఆ ఒక్క మాటకే ఊ అంది, మన సీరియల్ పిల్లకైతే ఊ అనడానికి ఇరవై వారాలు పట్టింది. దొరల భోజనాల వేళ కట్టుబట్టతో దొడ్డిదారిన వచ్చి, పుస్తకాల మూటల కింద పడుకుని అవ్వ ఓరుగల్లు చేరింది. ఇక్కడ బాప్తిస్మం, పెండ్లి ఒకే వారంలో అయ్యాయి. నీలి పోయి రూతమ్మ అయింది.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. సీరియల్ మీద అభిప్రాయాలు రాయమని పత్రికవాళ్లు అడిగితే, మా అవ్వ కథా ఇదేనంటూ రెండు పేజీలు రాసి, ఎవరికీ చెప్పకుండా పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. నీలి అన్న పేరు రాశాను, ఊరు రాశాను, కింద నా పేరు, మా సందు పేరు కూడా రాశాను. నెల తిరిగేసరికి అచ్చయింది. అత్తమ్మ పత్రిక పట్టుకుని పరుగున వచ్చి చూపిస్తే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. అవ్వకు చదివి వినిపించాను కూడా, మెచ్చుకుంటుందని.

అవ్వ ముఖంలో నెత్తురు లేదు. తిట్టినా బాగుండేది. నాన్న సాయంత్రం బడి నుంచి వచ్చి చూసి, "ఎంత పని చేసినవే" అని తల పట్టుకున్నాడు. దొరలకు పట్నంలో పెద్ద పెద్దవాళ్లు తెలుసు, పారిపోయిన మనిషిని వాళ్లు మరిచిపోరు అని అవ్వ నమ్మకం. యాభై ఏళ్లు గడిచాయి కదా అని నాన్న నచ్చజెప్పబోయాడు గానీ, ఆయనే లేచి తలుపుకు గడియ పెట్టి వచ్చాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో గట్టిగా మాట్లాడటం పోయింది. వీధిలో జీపు ఆగితే అమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయేది. అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఎవలన్న వచ్చి నీలి ఏది అంటే, సచ్చిపోయిందని చెప్పు. ఫికర్ చెయ్యకు, నేను సచ్చినట్టే ఉంట." రోజూ ఒకసారి నా చేత అనిపించేది. నేను తప్పు చేసినదాన్ని కదా, ఆమె అనమన్నట్టే అన్నాను.

పన్నెండో రోజో పదమూడో రోజో, మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నాన్న బడిలో, అమ్మ బజారుకు. అవ్వ ఒక్క అంగలో లోపలి గదిలోకి పోయి వడ్ల గుమ్మి వెనక గొంగడి కప్పుకుని కూర్చుంది. గడియ తీస్తే గడప ముందు తలగుడ్డ చుట్టుకున్న ఒక ముసలాయన, చేతికర్రతో. మరిపెడ దిక్కు నుంచి వచ్చిన అన్నాడు. "గడీల ఉండె, నీలి. ఈడనే ఉన్నదని పంతులు సదివి చెప్పిండు" అన్నాడు. గడీ అన్న మాట చెవిన పడగానే నాకింకేమీ వినపడలేదు. చనిపోయింది అన్నాను. ఎప్పుడు అంటే, పోయిన నెల అన్నాను. నేర్చుకున్న పాఠం ఎంత బాగా అప్పజెప్పానో ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఆయన గడపలోనే కూలబడ్డాడు. కొన్ని మంచినీళ్లు అడిగాడు. చెంబు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు వంకర్లు పోయి ముడుచుకోవడం లేదు. తాగి, ఇంకా ఏదో అడగబోయినట్టు నా ముఖం చూశాడు. ఆయన ఎప్పుడు పోతాడా అని నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. పోయాడు.

గుమ్మి వెనక నుంచి అవ్వను లేపేసరికి ఆమె రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉంది. ఎట్లున్నడు అని అడిగింది. నేను చెప్పుకుంటూ పోయాను: సన్నగా, నల్లగా, ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది అని. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "దూడ పలుపు పోగుకు చుట్టుకొని తెగింది. నేనే పసుపు పెట్టిన" అంది. "వాడు నా తమ్ముడు బిడ్డా. పదేండ్లోడు. నా ఎనుకనే వాన్ని గూడ గడీకి తెచ్చిన్రు. పశువులకాడ ఇడిసిపెట్టి వచ్చిన." పరుగెత్తాను. చెప్పులు కూడా లేవు. బస్టాండులో ప్రతి బస్సూ ఎక్కి దిగాను. ఆయన కనబడలేదు.

మర్నాడే పోవచ్చు కదా అంటారేమో. ఆ ఊరి పేరెత్తితే అవ్వకు వణుకు, కొడుకును ఎట్లా పంపుతుంది? పది రోజులు వద్దు వద్దు అని, పదకొండో రోజున పొమ్మంది. నాన్న పోయేసరికి ఆ ముసలాయన ఇంటికి తాళం. తిరిగి రాగానే అక్కకు దినం చేసి, గుండు గీయించుకుని, వాడకంతా అన్నం పెట్టి, బిడ్డ వెంట బొంబాయి దిక్కు కూలికి పోయాడని వాడవాళ్లు చెప్పారట. చిరునామా ఎవరి దగ్గరా లేదు. ఆ వేళ్లు ఎట్లా విరిగాయో కూడా చెప్పారు, అక్క కనబడకుండా పోయిన నాడే దొర విరగ్గొట్టించాడని. అది నాన్న నాకు చెప్పాడు గానీ అవ్వకు చెప్పలేదు. తన దినం సంగతి మాత్రం అవ్వ వింటూ కూర్చుని, ఏం కూర వండిండట అని అడిగి, అప్పుడు ఏడ్చింది. తర్వాత ఆరేళ్లు బతికింది. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదు.

ఇప్పుడు ఆ దిక్కు గడీలకు పెండ్లి ఫోటోలు తీసుకోవడానికి పోతున్నారు. పిల్లలు ఫోన్లో పేరు కొట్టి ఎక్కడెక్కడి చుట్టాలనో పట్టుకుంటున్నారు. ఎవరు తలుపు కొట్టినా నవ్వుతూ తీస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ముసలాయన కోసం పోయిన నాడే నాన్న గడీ కూడా చూసి వచ్చాడు. కప్పు లేదట, లోపల మేకలున్నాయట, దొరలు ఊరు విడిచి అప్పటికే ఇరవై ఏళ్లట. మేమెవరికి భయపడి దాక్కున్నామో వాళ్లు అక్కడ లేనే లేరు. ఆ సంగతి ఆ ముసలాయనకు తెలుసు. నేను ఇంకొక్క నిమిషం తలుపు తెరిచి ఉంచితే చెప్పేవాడు.