సెలవు పెట్టి ఇచ్చే రక్తం

“...ఊరికే ఇంట్లో కూర్చుంటే రక్తం బాగవుతాదని నీకు చెప్పింది ఎవరు?” భార్య సొన్నమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది.

“అందరూ చేసేదే. కొన్ని వారాలు పురుగుమందు తగలకుంటే పరీక్షలో సరిగ్గా వస్తాది,” అన్నాడు చెన్నరాయప్ప.

“మరి ఆ చేతులు? అవీ సెలవు పెడతాయా?”

బంగారు గనుల ఊరు ఆండర్సన్‌పేట నుంచి అతను నరసాపురం దగ్గరి గులాబీ తోటకు పనికి పోతాడు. అక్కడ టెక్నీషియను. తెగులు చూసి, మందు కలిపి, ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌసుల్లో కొడతాడు. అందుకు జీతం మీద భత్యం, పీఎఫ్, ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. ఏడాదికోసారి కంపెనీ రక్తపరీక్ష చేయిస్తుంది. మందు ఒంట్లో చేరిందని తేలినవాణ్ణి పూలు కోసే కూలీల్లో కలిపేస్తారు. వాళ్లకు రోజుకూలి తప్ప మరేమీ లేదు. అందుకే పరీక్ష దగ్గర పడేసరికి మందు కొట్టేవాళ్లంతా సెలవు పెడతారు.

ఈ వేసవి నుంచి చొక్కా బొత్తాం పెట్టుకోబోతే చెన్నరాయప్పకు వేళ్లు నిలవడం లేదు. మందు కొలిచేటప్పుడు, ఎవరూ చూడకుండా, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంటున్నాడు.

గడప మీద అతని తండ్రి ఓబలప్ప ఊపిరి కోసం ముందుకు వంగి కూర్చున్నాడు. గనులు సర్కారువయ్యాక చేరి, ముసలితనం దాకా భూమి లోపలి పనే చేసినవాడు.

“మామ ఎక్సురేకు తన బదులు గని పైన పనిచేసే బచ్చప్పను పంపింది పేటకంతా తెలుసు,” అంది సొన్నమ్మ. “లోపలి పని పోతాదని భయం. తర్వాత దగ్గుకు పరిహారం అడగబోతే, నీ ఊపిరితిత్తులు బాగుండాయి పో అన్నారు.”

“బాగుండేవి బచ్చప్పవి,” అన్నాడు ఓబలప్ప. “వాడు ఇప్పుడు కూడా మారికుప్పంలో పరిగెత్తి రైలెక్కుతాడు.”

“నువ్వు ఊరుకో నాయనా,” అన్నాడు చెన్నరాయప్ప.

“నేనేమీ అనలేదప్పా. నీ పని పోతే నా మాత్రలు యాడ నుంచి వస్తాయో అది కూడా చూసుకో అంటాను. అంతే.”

చెన్నరాయప్ప నీళ్ల లోటాను రెండు చేతులతో ఎత్తి తాగి బయలుదేరాడు.

తోటలో సూపర్‌వైజరు కేశవమూర్తి మందుల గది దగ్గర ఎదురొచ్చాడు.

“రేపటి నుంచే కదా సెలవు? నీతో మందు కొట్టే సొన్నప్ప నిన్ననే సెలవు మీద పోయినాడు. ఈ ఒక్క డ్రమ్ము కలిపేసి పో.”

చెన్నరాయప్ప గ్లౌజులు వేసుకున్నాడు. కేశవమూర్తి పక్కనే నిలబడి ఉండడంతో మణికట్టు పట్టుకోలేకపోయాడు. కొలత గ్లాసు అంచు దాటి మందు బల్ల మీదికి కారింది. తుడిచి మళ్లీ పోశాడు. మళ్లీ కారింది. కేశవమూర్తి తల తిప్పి కిటికీలోంచి తోటలోకి చూడసాగాడు.

“చూసినారా సార్?”

“ఏం చూసేది? నేనేమీ చూడలేదు. ఇంగ నువ్వు పో, పోయి రెస్టు తీసుకో.”

చెన్నరాయప్ప సీసాకు మూత బిగించి, గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టాడు.

“సెలవు వద్దు సార్. రేపే కంపెనీ డాక్టరు దగ్గరికి పోయి ఇప్పుడున్న రక్తమే ఇస్తాను,” అన్నాడు.