హెలికాప్టరేనా?

గాంధీపురంలో మదురై బస్సెక్కాను. పక్కసీటు పెద్దాయన ఆర్మీలో హెలికాప్టర్ పైలట్‌గా చేసి రిటైరయ్యారట. మా అమ్మాయికీ అదే ఉద్యోగం వచ్చిందన్నాను. బేరాలాడి దేన్నయినా తగ్గించి మాట్లాడే అంగడివాడి నోరు కదా నాది, అంతటితో ఊరుకోలేదు. “ఫైటర్ దొరకలేదా, హెలికాప్టరేనా అని దాన్ని అడిగేస్తిని, అన్నా. అప్పటినుంచీ ఫోన్ ఎత్తడంలేదు.”

ఆయన నవ్వారు. “ఎయిర్‌ఫోర్స్ వాళ్లూ అట్లే అడుగుతారు తంబీ. నేవీవాళ్లకైతే, ఓడమీద దించలేనోడు పైలటే కాదు. వాళ్లిద్దరికీ మేం ఆటోవాళ్లం.”

“కోపం రాదా?”

“వాళ్లంటే నవ్వుకుంటిమి. మా నాయన కూడా అదే అడిగె. దానికి మాత్రం ఇంకా నవ్వు రాలేదు.”

మదురైలో మాట్టుతావణి బస్టాండులో దిగగానే అమ్మాయికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది. బేరమేమీ పెట్టకుండా, తప్పు నాదేనన్నాను.

“సరిగా వినపడలా నాయనా, ఇంకోతూరి చెప్పు” అంది.

బస్టాండంతా వినేలా చెప్పాను.