తేనెటీగలంటే భయపడే గోబ్నెట్

గోబ్నెట్ అని పేరు పెట్టుకుని తేనెటీగ కనిపిస్తే బల్లకింద దూరే మనిషి బాలివోర్నీ ఊరు మొత్తానికి ఒక్కతే ఉండేది. రిబ్బన్ల కొట్టు గోబ్నెట్. వెనకటికి ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే, పునీత గోబ్నెట్ తల్లి తేనెటీగల్ని ఉసిగొల్పి తరిమికొట్టిందట. మన గోబ్నెట్‌కు ఆ కథ వింటేనే ఒళ్లు జలదరించేది.

ఆ పేరుతో పడ్డ పాట్లు ఒకటా రెండా. మా భాషలో గోబ్ అంటే పక్షి ముక్కు, నోరు కూడాను. బళ్లో పిల్లలు "ఏమే నోరూ" అని పిలిచి ఏడిపించారు. కార్క్ పట్నంలో పనికి చేరితే, గుమాస్తా నోరు తిరగక డెబోరా అని రాసుకున్నాడు. పీడ విరగడైందనుకుంది. తీరా ఫాదరుగారు, "డెబోరా అన్నా హీబ్రూలో తేనెటీగేనమ్మా" అని నవ్వారు. ఇంకెక్కడికి పోతుంది పాపం? ఊరికే తిరిగొచ్చి కొట్టు పెట్టుకుంది.

అన్న కూతురు ఐలీన్‌కు నెలలు నిండాయి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ ఇంట్లో పేరు పెట్టాలంటే, ఆ పేరున్న పెద్దదిక్కు ఒప్పుకోవాలి.

"ఆడపిల్లయితే నీ పేరే అత్తా."

"వద్దే. దొంగల్ని తరిమిన పేరది. దాని పరువు తీయడానికి నేనొక్కదాన్ని చాల్లే."

పెంతెకొస్తు ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చిలో పునీతురాలి పాత చెక్క విగ్రహాన్ని బయటపెడతారు. దాని పొడవునా, చుట్టూ ఆనించి కొలిచిన రిబ్బను గర్భిణికి కాపుదల. ఐలీన్ రిబ్బను పట్టుకుని అత్తతో వెళ్లేసరికి జనమంతా గుమ్మం బయటే ఉన్నారు. కిటికీలోంచి వచ్చిన తేనెటీగల గుంపొకటి విగ్రహం మెడకు గుమ్మడికాయంత వేలాడుతోంది.

తేనెటీగలు పెంచే ముసలి డీర్మడ్ చేతికి కట్టుంది. "కడుపునిండా తేనె తాగి ఇల్లు వెతుక్కుంటున్నాయి, కుట్టే ఓపికెక్కడిది? కింద పెట్టె పట్టి ఈకతో తోస్తే చాలు. రెండు చేతులుండాలి, అంతే" అన్నాడు.

అందరూ గోబ్నెట్‌ను చూశారు.

"నన్ను చూస్తారేం? పేరు పెట్టింది మా నాయన, తేనెటీగలు కాదు."

"పోదాం పద అత్తా. రిబ్బను లేకపోతే ఏమవుతుందిలే" అంది ఐలీన్. రిబ్బను పట్టుకున్న చెయ్యి మాత్రం కడుపు మీంచి తీయలేదు. గోబ్నెట్ ఆ చేతినే చూసింది.

"ఆ ఈక ఇటియ్యి" అంది డీర్మడ్‌తో.

లోపలికి వెళ్తూ పునీతురాలితో గొణుగుతూనే ఉంది. "తల్లీ, నేనూ నీ పేరుదాన్నే, చూసుకో." కింద పెట్టె పట్టి ఈకతో తోసేసరికి గుంపు దభీమని అందులో పడింది. ఒక్కటి మాత్రం పై పెదవి మీద కుట్టింది. పెట్టె వదల్లేదు మహాతల్లి. ఆ బూరె మూతితోనే రిబ్బను కొలిచి మేనకోడలి నడుముకు చుట్టింది.

"పట్టినవాళ్లదే గుంపు" అని డీర్మడ్ దాన్ని ఆమె పెరట్లోనే గూటికెక్కించాడు. "ఇంట్లో ఏ కబురైనా ముందు వీటికి చెప్పు. లేదంటే అలిగి పోతాయి."

పదోరోజున ఐలీన్‌కు ఆడపిల్ల పుట్టింది. గుక్కపట్టి ఏడిస్తే వీధి చివరిదాకా వినిపించింది.

"పేరేం పెట్టమంటావత్తా?" అంది ఐలీన్, భయం భయంగానే.

గోబ్నెట్ పిల్లను చూసి ఆగలేక నవ్వేసింది. "ఈ నోటికి ఇంకో పేరుందా? ఉండు, ముందు వాటికి చెప్పొస్తాను."

మొహానికి గుడ్డైనా కప్పుకోకుండా పెరట్లోకి వెళ్లి గూటి ముందు కూర్చుంది.